తొలి కాన్పు ఎందుకు కష్టమవుతుంది?

ఇంటి ఆడపిల్ల నెల తప్పిందని తెలియగానే పెద్దలకు ఒక వంక సంతోషం, మరొక వంక గుండె దడ. సీమంతం చేసి, గాజులు తొడిగి, పురిటికి పుట్టింటికి తెచ్చుకుంటారు. నెలలు నిండేకొద్దీ ఇరుగుపొరుగువారు తలా ఒక మాట అంటారు. "కూర్చున్నచోటి నుంచి లేవదు, కాన్పు కష్టమవుతుంది" అని ఒకరు; "ఓర్పు లేని పిల్ల, ఎట్లా కంటుందో" అని ఇంకొకరు. తీరా కాన్పు కష్టమయితే ఆ నింద పిల్ల నెత్తినే పడుతుంది. ఇది న్యాయం కాదు. నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాను. అయినా వైద్యులందరూ ఒప్పుకొన్న సంగతులను మన ఇళ్ళకు పనికివచ్చేటట్లు నాలుగు మాటలలో చెప్పదలచినాను.

మొదట గ్రహించవలసినది, ఆలస్యం వేరు, కష్టం వేరు. తొలి కాన్పు సహజంగానే ఆలస్యమవుతుంది. గర్భాశయ ముఖద్వారం, దాని చుట్టూ ఉన్న కండరాలు అంతకు మునుపు ఎన్నడూ సాగి ఎరుగవు గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం, ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాత పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు మించదు. ఆపైన బిడ్డ బయటపడడానికి సాధారణంగా 3 గంటల లోపు పడుతుంది. దానికి ముందు వచ్చే సన్న నొప్పులకు మాత్రం ఇన్ని గంటలని లెక్క లేదు. కనుక పక్కింటి అమ్మాయికి నాలుగు గంటలలో అయిందని మన అమ్మాయిని తొందరపెట్టరాదు.

అయితే నిజంగా కష్టం ఎక్కడ వస్తుంది? వైద్యులు మూడు చోట్ల వెతుకుతారు: నొప్పుల బలం, బిడ్డ ఉన్న తీరు, బిడ్డ రావలసిన దారి.

నొప్పుల బలం

తొలి కాన్పులో ఎక్కువగా కనిపించే కారణం ఇదే. నొప్పులు వస్తవి గాని వరుస ఉండదు, పట్టు ఉండదు. ముఖద్వారం తెరుచుకోదు. రాత్రంతా నిద్ర లేక, నీరు లేక అలసిపోయినా, మూత్రాశయం నిండి ఉన్నా పని ముందుకు సాగదు. భయం కూడా ఒక కారణమే. భయపడిన శరీరంలో పుట్టే ఎడ్రినలిన్ నొప్పుల వరుసను మందగింపజేయగలదు. నమ్మకమైన మనిషి పక్కన ఉంటే కాన్పు సమయం కొంత తగ్గుతుందనీ, ఆపరేషన్ల అవసరం తగ్గుతుందనీ అనేక పరిశోధనలలో తేలింది. మన ప్రభుత్వం 2016లో ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదులలో ఒక ఆడతోడును అనుమతించింది. తల్లిగాని, వదినగాని, అత్తగారుగాని ధైర్యం చెప్పేవారు వెళ్ళవలెను. కంట తడి పెట్టేవారు బయట కూర్చోవడం మేలు.

బిడ్డ ఉన్న తీరు

బిడ్డ తల కిందికి ఉండి, గడ్డం రొమ్ముకు ఆనించి, తల వెనుక భాగం తల్లి పొట్ట వైపు తిరిగి ఉంటే రాకడ సులభం. తల వెనుక భాగం తల్లి వెన్నెముక వైపు ఉంటే నడుము విరిగేటట్లు నొప్పి వచ్చి, గంటలు పెరుగుతవి. ఇటువంటి వారిలో చాలామంది బిడ్డలు తమంతట తామే తిరుగుతారు. తిరగకపోతే సహాయం కావలసి వస్తుంది. నుదురు ముందుగా వచ్చినా, కాళ్ళో పిరుదులో ముందుగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా ఆసుపత్రి తప్ప వేరు దారి లేదు. తల్లికి చక్కెర వ్యాధి ఉంటే బిడ్డ మరీ పెద్దది కావచ్చు. గర్భిణికి చక్కెర పరీక్ష చేయించేది ఇందుకే.

దారి

కటి ఎముకలు ఇరుకుగా ఉండడానికి మూలం చాలావరకు బాల్యంలోనే ఉంది. చిన్నతనంలో తిండి చాలక, ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధి వచ్చిన పిల్లలకు కటివలయం సరిగా పెరగదు. రజస్వల అయిన తరువాత కూడా ఈ ఎముకలు కొన్నేళ్ళు పెరుగుతూనే ఉంటవి. అందుచేత పదహారేళ్ళకే కనడం ప్రమాదం. 140 సెంటీమీటర్లకు, అంటే సుమారు నాలుగడుగుల ఏడంగుళాలకు, తక్కువ ఎత్తు ఉన్నవారిని వైద్యులు ప్రత్యేకంగా కనిపెట్టి చూస్తారు. పొట్టివారందరికీ ఆపరేషనే అని కాదు. ఆ తలకు ఆ దారి సరిపోతుందా అన్నదే ప్రశ్న. కొడుకుతో సమానంగా కూతురికి పాలూ పప్పూ పెట్టిన తల్లి, ఆమె కాన్పుకు పదిహేనేళ్ళ ముందే సాయం చేసినట్లు.

రాజభవనంలో జరిగినది

సంపద ఉంటే చాలునా? ఇంగ్లండు రాకుమారి షార్లెట్ కథ వినదగినది. 1817 నవంబరు 3వ తేదీ సాయంత్రం, 21 ఏళ్ళ వయసులో, ఆమెకు నొప్పులు మొదలయినవి. అప్పటి వైద్య పద్ధతిని అనుసరించి అంతకు ముందు నెలలలో ఆమెకు తిండి తగ్గించి, రక్తం తీసినారు. బిడ్డ అడ్డంగా ఉన్నదని అనుమానించినా ఫోర్సెప్స్ అనే పట్టుకారు వాడలేదు. యాభై గంటల తరువాత, 5వ తేదీ రాత్రి, తొమ్మిది పౌన్ల మగబిడ్డ ప్రాణం లేకుండా పుట్టినాడు. మరి కొన్ని గంటలకే ఆమె కూడా కన్నుమూసింది. పెద్ద వైద్యుడు సర్ రిచర్డ్ క్రాఫ్ట్ ఆ దుఃఖం తాళలేక 1818లో తనను తాను కాల్చుకున్నాడు. ఆమెలో ఓర్పు లేక కాదు. సహాయం అందవలసిన గంట దాటిపోయింది.

తక్కువ తింటే బిడ్డ చిన్నదై సుఖంగా కాన్పు అవుతుందనే మాట మన ఇళ్ళలో నేటికీ వినబడుతుంది. దానివల్ల ఎముకలు వెడల్పు కావు. తల్లి నీరసించి, బిడ్డ బరువు తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అటువంటి తల్లికి తిండి తగ్గించడం ఎంత పొరపాటో చెప్పనక్కరలేదు.

ఇంటివారు చేయవలసినవి

మన కుటుంబాలలో పిల్లను అనంతపురానికో గుంటూరుకో ఇచ్చి, పురిటికి బళ్ళారికో హోసూరుకో బరంపురానికో షోలాపూరుకో తెచ్చుకోవడం ఉన్నదే. ఇక్కడి డాక్టరు ఆమెను అంతకు ముందు చూచి ఉండడు. కనుక మాతాశిశు రక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తపరీక్షల చీటీలు ఒక సంచిలో పెట్టి వెంట తేవలెను. కర్ణాటకలో ఆ కార్డును తాయి కార్డు అంటారు. నెలలు నిండక మునుపే ఇక్కడి డాక్టరుకు ఒకసారి చూపించి, ఆపరేషన్ వసతి, రక్తం దొరికే వీలు ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవలెను.

అయిదు నిమిషాలకొకసారి, నిమిషం పాటు నిలిచే నొప్పులు ఒక గంట వరుసగా వస్తే బయలుదేరవలెను. ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం ఎదురుచూడరాదు. ఇంటి దగ్గర ఎవరి చేతనో నొప్పుల ఇంజెక్షన్ వేయించడం, పొట్ట మీద నొక్కించడం తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. వాహనానికి 108 ఉన్నది. 2011లో మొదలయిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్‌తో సహా, ఉచితం.

సిజేరియన్ అవసరమని డాక్టరు చెప్పినప్పుడు కారణం అడిగి తెలుసుకోండి. అది మన హక్కు. కారణం సబబుగా ఉంటే, పెద్దలందరూ వచ్చి సమ్మతించేవరకు సంతకం ఆపకండి. ఎవరి సంతకం, ఎవరు తోడు, డబ్బు ఎవరి దగ్గర అన్నది తొమ్మిదో నెల రాకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం మంచిది. బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చిన పిల్లను "ఆపరేషన్ అయిందట గదా" అని ఎవరైనా చిన్నబుచ్చితే, ఆ మాటకు జవాబు చెప్పవలసినది ఆ పిల్ల కాదు, ఆ ఇంటి పెద్దలే.