ఆరోహణ పరిభాష: జర్మను పదముల యాంగ్లానువాదము

జనగామకుఁ బడమట, హైదరాబాదు మార్గమునందున్న భువనగిరి యేకశిలాపర్వతము నేఁడు శిలారోహకులకు శిక్షాస్థానము. 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించిన మాలావత్ పూర్ణయు, ఆనందకుమారును తొలుత నిచ్చటనే యభ్యసించిరి. ఈ విద్య యాంగ్లభాషాద్వారమున మనకు వచ్చినను, దాని పారిభాషికపదములు కొన్నింటికి జర్మను మూలము. అవి యాంగ్లమునఁ బ్రవేశించిన తీరు మన యనువాదకులకు విచారణీయము.

మొదటి రీతి సంపూర్ణగ్రహణము. 'ఆబ్‌సైలెన్' అనుచోట 'ఆబ్' అనఁగా క్రిందికి, 'సైల్' అనఁగా త్రాడు. త్రాటి సాయమున దిగుట యని యర్థము. ఆంగ్లేయులు తుది ప్రత్యయమును విడిచి తమ క్రియాప్రత్యయములను జేర్చుకొనిరి. సంస్కృతశబ్దమునకు ఇంచుక్కును జేర్చి మనము 'ఆరోహించు' అనుట యిట్టిదియే.

రెండవది యేకదేశగ్రహణము. 'కరాబీనర్‌హాకెన్' అనఁగా కార్బైను తుపాకిని వ్రేలాడఁదీయు కొక్కెము. భీమసేనుఁడు భీముఁడైనట్లు ఉత్తరపదము లోపింపఁగా మిగిలిన 'కరాబీనర్' రూపమునే యాంగ్లము గ్రహించెను. తుపాకి పోయినను, కొక్కెమను మాట పోయినను, రూఢిచే నర్థము నిలిచినది.

మూడవది నామాంతరకల్పనము. 'హాల్ప్‌మాస్ట్‌వుర్ఫ్' అను ముడిని ఆంగ్లమున స్విట్జర్లాండు పర్వతారోహకుఁడగు వెర్నర్ ముంటరు పేర వ్యవహరింతురు. కాని యా ముడికిఁ దగిన వెడల్పు కొక్కెములను జర్మను పేరి సంక్షేపమగు 'హెచ్.ఎం.ఎస్.' అను నక్షరములతోనే వ్యవహరింతురు. ఆంగ్లనామము మాత్రమే యెఱిఁగినవానికి వాని యర్థము స్ఫురింపదు.

ఇంతకంటెను జాగరూకత వలసినది కేకల విషయము. ముందెక్కినవాఁడు జర్మనున 'ష్టాండ్' అని యఱచిన, 'నేను స్థిరస్థానమునఁ గట్టుకొంటిని. నీవు పట్టిన రక్షణమును విడువవచ్చును' అని తాత్పర్యము. నిఘంటువును జూచి 'నిలుచుట' యని యనువదించినచోఁ గ్రిందివానికిఁ గర్తవ్యము తెలియదు. ఆంగ్లేయు లందులకు 'ఆఫ్ బిలే' యందురు. 'బిలే' యనునది నావికుల త్రాటిపనిలోని పాతమాట.

తెలుఁగున నపాయ మింకను సూక్ష్మము. 'వదులు' అను శబ్దము విశేషణమైనచో శైథిల్యమును, క్రియయైనచో త్యాగమును బోధించును. మీఁదివాఁడు త్రాడు కొంత సడలింపుమని 'వదులు' అని కేకవేయఁగాఁ గ్రిందివాఁడు చేతిత్రాటిని విడిచెనేని ప్రాణహాని. కావున సడలించుటకు 'త్రాడియ్యి' యనియు, లాగుటకు 'బిగించు' అనియు, రక్షణమును మానుటకు 'కట్టుకొంటి, విడు' అనియు నియమించుట యుక్తము. ఇఁక త్రాటికి జనగామ ప్రాంతపు గీతవారి 'మోకు' సిద్ధముగ నుండఁగా 'రజ్జువు' నేల వెదకవలయును?

ఇట్టి పరిభాషలో పదమునకుఁ బదము వెదకుటకంటె, వినినవాఁడు చేయవలసిన పనిని నిస్సందేహముగఁ దెలుపు పదమును వెదకుట శ్రేయము.