యాభై మందిని లెక్కపెట్టేదెవరు? స్పీకర్ మాటే రూల్ అయ్యే వేళ..

అది 2018 మార్చి. నా బీటెక్ ఆఖరి సంవత్సరం. హాస్టల్ మెస్‌లో అన్నం తింటూ ఫోన్‌లో లోక్‌సభ లైవ్ చూడటం మా బ్యాచ్‌కి అలవాటైపోయింది. ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు కేంద్రంపై అవిశ్వాస తీర్మానం నోటీసులిచ్చాయి. ఏ రోజు చూసినా అదే సీన్. వెల్‌లో ప్లకార్డులు, నినాదాలు. సభ అదుపులో లేదు కాబట్టి తీర్మానాన్ని చేపట్టలేనని స్పీకర్ సుమిత్రా మహాజన్ చెప్పడం, సభ వాయిదా పడటం!

"ఒరేయ్, యాభై మంది నిలబడితే లెక్కపెట్టడానికి ఏముందిరా?" అని రూమ్మేట్ విసుక్కునేవాడు. నాకూ అలాగే అనిపించేది. కోడ్ రాస్తే నాలుగు లైన్ల పని కదా! చూస్తుండగానే ఏప్రిల్ 6న సమావేశాలు ముగిశాయి. తీర్మానం చర్చకు రానే లేదు.

మళ్లీ జులై 18న, వర్షాకాల సమావేశాల మొదటి రోజే, అదే స్పీకర్ తెలుగుదేశం ఎంపీ కేశినేని శ్రీనివాస్ ఇచ్చిన నోటీసును స్వీకరించారు. 20న చర్చ జరిగింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు పడి తీర్మానం వీగిపోయింది. స్పీకర్ మారలేదు, రూల్ మారలేదు. మరి మార్చిలో కానిది జులైలో ఎలా అయింది? ఈ ప్రశ్నే నన్ను లోక్‌సభ నియమావళి చదివించింది.

రూల్ 198లో ఏముంది?

అవిశ్వాస తీర్మానానికి కనీసం 50 మంది మద్దతు కావాలి. మద్దతిచ్చేవాళ్లు 'తమ స్థానాల్లో' లేచి నిలబడాలి. స్పీకర్ లెక్క చూసి అనుమతి ఇస్తే, పది రోజుల్లోపు చర్చకు తేదీ వేయాలి. రూల్ ఇంతే.

చిక్కంతా ఆ 'తమ స్థానాల్లో' దగ్గరే వచ్చింది. మార్చిలో వెల్‌లోకి వెళ్లినవాళ్లలో కావేరీ జలాల కోసం అన్నాడీఎంకే సభ్యులు, రిజర్వేషన్ల కోసం టీఆర్‌ఎస్ సభ్యులు ఉన్నారు. ఇంత గొడవలో ఎవరు దేనికి నిలబడ్డారో ఎలా లెక్కపెట్టాలన్నది స్పీకర్ వాదన. గొడవ చేసేది వేరేవాళ్లయితే మా తీర్మానం ఎందుకు ఆగాలి అన్నది నోటీసులిచ్చినవాళ్ల ప్రశ్న. రెండింటిలోనూ తర్కం ఉంది. కానీ సభ ఎంత సద్దుమణిగితే లెక్క మొదలుపెట్టాలో రూల్ చెప్పదు. అది తేల్చాల్సింది కుర్చీలో ఉన్న మనిషే.

డాక్యుమెంటేషన్ ఒకటి, నడక ఒకటి

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు డాక్యుమెంటేషన్ చదివేసి ప్రాజెక్టు మొత్తం తెలిసిపోయిందనుకుంటాం. ఏ లైన్ ఎందుకలా రాశారో తెలియాలంటే మాత్రం పాత మార్పుల చరిత్ర తవ్వాల్సిందే. పార్లమెంటు కూడా అంతే. నియమావళి డాక్యుమెంటేషన్ అయితే, స్పీకర్ల రూలింగ్‌లు ఆ మార్పుల చరిత్ర.

సభలో ఎవరైనా "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అని లేస్తే రూల్ 376 ప్రకారం స్పీకర్ తేలుస్తారు. ఆ నిర్ణయమే ఫైనల్. రూల్స్‌లో లేని పరిస్థితి ఎదురైతే ఏం చేయాలో చెప్పే అధికారాన్ని రూల్ 389 స్పీకర్‌కే ఇచ్చింది. సభా విధానంలో లోపం జరిగిందన్న కారణంతో పార్లమెంటు చర్యను కోర్టులో ప్రశ్నించడం కుదరదని రాజ్యాంగంలోని ఆర్టికల్ 122 చెబుతోంది. పాత రూలింగ్ తర్వాతి స్పీకర్ చేతులు పూర్తిగా కట్టేయదు. కానీ ఇలాంటి సందర్భం మళ్లీ వస్తే అందరూ ముందు తిరగేసేది దాన్నే.

పది శాతం లెక్క ఎక్కడిది?

లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడి హోదా రావాలంటే పదో వంతు సీట్లు ఉండాలని మనం చదువుకుంటాం. ఏ చట్టంలో ఉందని అడిగితే చాలామంది 1977 చట్టం అంటారు. ఆ చట్టంలో పది శాతం అన్న మాటే లేదు. ప్రతిపక్షంలో ఎక్కువ సంఖ్యాబలం ఉండి, స్పీకర్ గుర్తించిన పార్టీ నాయకుడు అని మాత్రమే ఉంది.

ఆ లెక్క మొదటి స్పీకర్ జి.వి.మావలంకర్ కాలం నాటిది. సభ నడవాలంటే పదో వంతు సభ్యులు హాజరుండాలి. అదే కోరం. పార్టీగా గుర్తింపు కావాలన్నా కనీసం అంత బలం ఉండాలని ఆయన తేల్చారు. తర్వాత అది స్పీకర్ ఆదేశాల్లో చేరింది. 543 మంది ఉన్న సభలో ఆ లెక్క 55కి వస్తుంది. 2014లో కాంగ్రెస్‌కు 44, 2019లో 52 సీట్లొచ్చాయి. దాంతో పదేళ్లపాటు ఆ కుర్చీ ఖాళీ. 2024లో 99 సీట్లొచ్చాకే రాహుల్ గాంధీకి ఆ హోదా దక్కింది.

ఇది ఒక్క కుర్చీ సంగతి కాదు. సీబీఐ డైరెక్టర్‌ను ఎంపిక చేసే కమిటీలో ప్రతిపక్ష నాయకుడు ఉండాలి. ఆ హోదా ఎవరికీ లేకపోవడంతో, అతిపెద్ద ప్రతిపక్ష పార్టీ నాయకుడైనా సరిపోయేలా 2014లో చట్టాన్నే సవరించారు. ఎప్పుడో 1950లలో పెట్టిన లెక్క ఇంత దూరం వచ్చిందన్నమాట.

బాలయోగి వదిలేసిన నిర్ణయం

1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వంపై విశ్వాస పరీక్ష. స్పీకర్ కుర్చీలో మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి.బాలయోగి. ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయినా, ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయడానికి వచ్చారు. వేయొచ్చా, వేయకూడదా? రాజ్యాంగం ప్రకారం ఆయన ఇంకా లోక్‌సభ సభ్యుడే. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గమాంగ్ ఓటు వేయకపోయి ఉంటే 269-269. ఓట్లు సమానమైనప్పుడే స్పీకర్ ఓటు వేయాలని ఆర్టికల్ 100 చెబుతోంది. అంటే నిర్ణయం బాలయోగి చేతికే వచ్చేది. ఆయన పార్టీ అప్పుడు ప్రభుత్వానికి మద్దతిస్తోంది. అయినా గమాంగ్‌ను అడ్డుకోలేదు. 'నేను జోక్యం చేసుకోను' అనడం కూడా ఒక రూలింగే.

ఆధార్ సంగతి

ఒక బిల్లు ద్రవ్య బిల్లా కాదా అన్నదానిపై స్పీకర్‌దే తుది నిర్ణయమని ఆర్టికల్ 110 చెబుతోంది. ద్రవ్య బిల్లయితే రాజ్యసభ సూచనలు చేయగలదు తప్ప ఆపలేదు. 2016లో ఆధార్ బిల్లును ఇలాగే తెచ్చారు. రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చింది, బిల్లు పాసైంది. 2018లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం విభేదించారు. ద్రవ్య బిల్లు ప్రశ్నను 2019లో పెద్ద ధర్మాసనానికి పంపారు. మన సిమ్‌కార్డు, బ్యాంకు ఖాతాల దాకా వచ్చిన చట్టం ఏ దారిలో వెళ్లాలో తేల్చింది స్పీకర్ ధ్రువీకరణే.

మీకేం ఉపయోగం?

గ్రూప్-1, సివిల్స్ రాసేవాళ్లు పాలిటీలో ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టి వదిలేస్తుంటారు. ఇకపై ఒక్కో రూల్ పక్కన ఒక్కో సంఘటన రాసుకోండి. 198కి 2018, ఆర్టికల్ 100కి 1999. మెయిన్స్ జవాబులో, ఇంటర్వ్యూలో తేడా అక్కడే కనిపిస్తుంది. లోక్‌సభ చర్చల పూర్తి పాఠం సభ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లోతుగా వెళ్లాలనుకుంటే కౌల్, షక్దర్ రాసిన పార్లమెంటు విధానాల గ్రంథం లైబ్రరీలో అడగండి. ఈ రంగంలోనే పనిచేయాలనుంటే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ చూడండి. అందులో ఒక ఎంపీ దగ్గర పరిశోధన సహాయకులుగా పనిచేయొచ్చు. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు.

పరీక్ష రాయనివాళ్లకు కూడా ఒక మాట. మనం ఓటేసి పంపిన ఎంపీ గొంతు సభలో లెక్కకొస్తుందా రాదా అన్నది ఒక్కోసారి ఆ కుర్చీలోంచి వచ్చే ఒక వాక్యం మీద ఆధారపడుతుంది. ఇప్పుడు మా రూమ్మేట్ మళ్లీ అడిగితే ఒకటే చెబుతాను. యాభై మందిని లెక్కపెట్టడం తేలికేరా. లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పడమే అసలు అధికారం.