ఒకే జోకుకి ఒకరు పగలబడి నవ్వుతారు, ఒకరు ముఖం మాడ్చుకుంటారు. ఎందుకు?

పెళ్లి బంతిలో కొత్త అల్లుడి విస్తట్లో ఇంకో రెండు గారెలు వడ్డిస్తూ, "మొహమాటపడకండి బావగారూ, మీ సంగతి తెలిసే గంగాళం నిండా వేయించాం" అంటాడు బావమరిది. పక్కనున్న పెదనాన్నగారికి నవ్వాగక పొలమారుతుంది. ఎదుటి వరసలో మేనత్తగారు తలైనా ఎత్తరు. ఆవిడకి హాస్యం పట్టదని తేల్చేస్తాం. అసలు పెళ్లివారిని ఆటపట్టించడమే ఆవిడకి గిట్టదేమో!

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ హాస్యాన్ని మనిషి దేనికి వాడుకుంటాడో చూడమన్నాడు. 2003లో ఆయన బృందం 32 వాక్యాల ప్రశ్నావళి ఒకటి ప్రచురించింది. అందులో తేలినవి నాలుగు తీరులు: నలుగురినీ కలుపుకోవడానికి నవ్వించడం, కష్టంలో తనకు తాను తేలికపడడం, ఎదుటివాణ్ణి దెప్పడం, తన్ను తాను చులకన చేసుకోవడం. కలివిడి మనుషుల్లో మొదటిది ఎక్కువ. పది మందితో సర్దుకుపోయే గుణం తక్కువైతే దెప్పుడు పెరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు.

తిరకాసంతా నాలుగోదానితోనే. చూడ్డానికి అది వినయంలా ఉంటుంది. బట్టతలాయన "దువ్వెన ఖర్చు మిగిలిందిలే" అని తానే నవ్వేసి పనిలో పడిపోతే గొడవ లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి సృష్టించిన బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా తన తెలివితక్కువ పనులన్నీ తానే చెప్పుకుంటాడు. ఎక్కడా తన్ను తాను అసహ్యించుకోడు. అదే ఇంకో మనిషి నలుగురూ తనని ఒప్పుకోవాలని, లోపల గుచ్చుకుంటున్నా "నా మొహానికి అదొక్కటే తక్కువ" అంటూ ప్రతి కబురులోనూ తన్ను తాను తొక్కేసుకుంటుంటే అది వేరే సంగతి. ఈ తీరు ఎక్కువున్నవాళ్లలో ఆందోళన, దిగులు కూడా ఎక్కువగా కనిపించాయి. ఏది దేనికి కారణమో మాత్రం ఆ లెక్కలు చెప్పవు.

ఇక ఎలాంటి జోకు నచ్చుతుందన్నది ఇంకో ప్రశ్న. మరో మనస్తత్వ శాస్త్రవేత్త విలిబాల్డ్ రూఖ్ పరిశోధనల్లో, పద్ధతిగా ఉండడం ఇష్టపడేవాళ్లు చివర్లో ముడి విడిపోయే జోకుని మెచ్చారు. కొత్తదనం కోరేవాళ్లు తలా తోకా లేనిదానికీ నవ్వారు.

ఇవన్నీ మొగ్గులే, జాతకాలు కావు. పైగా ప్రశ్నావళి నింపేది ఎవరికి వారే. దెప్పేవాణ్ణి అడిగితే "ఊరికే సరదాకన్నానండీ" అంటాడు. అందుకే మార్టిన్ బృందం కొందరి విషయంలో వాళ్లని బాగా ఎరిగినవాళ్లని కూడా అడిగింది.