చేలో ఇంజను, బంకులో అంకె

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో, నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరుల మీదుగా ఒంగోలు దాకా, పత్తి, మిరప పండించే రైతుల దగ్గర సాధారణంగా మూడు రకాల ఇంజన్లు కనిపిస్తాయి. వాగులోంచో కాలవలోంచో నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుకు డీజిలు, వీపున తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయరుకు చాలావరకు ఆయిలు కలిపిన పెట్రోలు, ఊరికీ చేనుకీ మధ్య తిరిగే మోటారు సైకిలుకు వట్టి పెట్రోలు పోస్తారు. ఇవన్నీ ఒకే ముడి చమురులోంచి వచ్చినవే అయినా, ఒకదానిలో పోయవలసినది మరొకదానిలో పోస్తే ఇంజను మొండికేయడమో పాడైపోవడమో జరుగుతుంది. ఇందుకు కారణమేమిటో తేల్చి దాన్ని ఒక కొలమానానికి ఎక్కించడానికి, తొలి పెట్రోలు ఇంజన్లు పుట్టిన తరువాత దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ కొలమానమే నేడు బంకుల్లో 91, 95, 100 అనే అంకెలుగా కనిపిస్తున్నది. అంకె పెద్దదైతే పెట్రోలులో బలం ఎక్కువని చాలామంది నమ్ముతారు గాని, ఆ అంకె తెలిపేది ఇంధనపు ఓర్పును మాత్రమే.

ఆ ఓర్పు దేనికి కావాలో తెలియాలంటే ముందు కుదింపు సంగతి తెలియాలి. సిలిండరులోకి వచ్చిన గాలి, ఇంధనాల మిశ్రమాన్ని పిస్టన్ పైకి వస్తూ అదుముతుంది. ఎంత గట్టిగా అదిమి మండిస్తే, అదే చుక్క ఇంధనం నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. వంద ఘనపు సెంటీమీటర్ల మిశ్రమాన్ని పది ఘనపు సెంటీమీటర్ల చోటులోకి అదిమితే కుదింపు నిష్పత్తి 10 అంటారు. జర్మనీలో నికొలస్ ఆటో 1876లో నిర్మించిన నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఈ నిష్పత్తి మూడుకు మించలేదు. నేటి మోటారు సైకిళ్లలో అది పదికి అటూ ఇటూగా ఉంటుంది. అయితే సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కినట్టే, అదిమిన కొద్దీ మిశ్రమం కూడా వేడెక్కుతుంది. ఆ వేడికి ఇంధనం తట్టుకుని, ప్లగ్గు నిప్పురవ్వ రాల్చేదాకా ఆగి, ఆ రవ్వ నుంచి మంట వరుసగా పాకేటట్లు మండితే పిస్టన్ మీద ఒత్తిడి సాఫీగా పడుతుంది. తట్టుకోలేకపోతే, మంట ఇంకా చేరని మూలల్లోని మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుని, సిలిండరు గోడలను ఒత్తిడి తరంగాలతో మోదుతుంది. మెకానిక్కులు నాకింగ్ అని పిలిచే కణకణ చప్పుడు ఇదే. ఇది ముదిరితే పిస్టన్ తల కరిగి చిల్లి పడుతుంది, ఇంజను అనుకున్నదానికన్నా ముందే బోరుకు వస్తుంది.

తెలుగు నేల మీదికి ముందుగా వచ్చినవి పెట్రోలు యంత్రాలు కావు, కిరోసిన్ వంటి బరువు నూనెలతో నడిచేవి. ఇంగ్లాండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో హక్కు పొందిన నమూనాతో హార్న్స్‌బీ కంపెనీ ఆయిల్ ఇంజన్లను తయారు చేసింది. సిలిండరు తలకు అతికించిన గుబ్బను బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చి, దాని వేడితోనే నూనెను ఆవిరిచేసి మండించడం వాటి పద్ధతి. గుంటూరు జిల్లా ఏర్పడిన 1904 ప్రాంతంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు బావుల నుంచి ఆయిల్ ఇంజన్లతో నీళ్లు తోడించే ప్రయత్నాలను ప్రభుత్వం తరఫున నడిపించారు. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడడం, బ్రిటిష్ లిస్టర్ ఇంజను నమూనాను రాజ్‌కోట్‌లోని చిన్న కార్ఖానాలు విరివిగా పోతపోయడం వల్ల నిమిషానికి ఆరేడు వందల చుట్లు తిరిగే బరువైన డీజిలు ఇంజన్లు పల్లెలకు అందుబాటులోకి వచ్చాయి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కుడికాలవలోకి వదిలిన తరువాత కూడా, కాలవ చివరి భూములకూ, నీరెక్కని మెరకలకూ ఈ ఇంజనే దిక్కయింది.

వీటి పక్కనే చాలాకాలం బతికిన మరో జాతి, పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసినుతో నడిపే చిన్న పంపు ఇంజను. చల్లటి ఇంజనులో కిరోసిన్ సరిగా ఆవిరి కాదు గనుక, పెట్రోలుతో తాడు లాగి నడిపి, ఇంజను బాగా వేడెక్కాక కుళాయి తిప్పి కిరోసిన్ అందించాలి. ఆపబోయే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కార్బొరేటరులో మిగిలిన కిరోసిన్‌ను మండించేయాలి, లేకుంటే మర్నాడు ఎంత లాగినా అది కదలదు. కిరోసిన్‌కు ఓర్పు బొత్తిగా తక్కువ కావడంతో ఈ ఇంజన్ల కుదింపును నాలుగైదు రెట్ల దగ్గరే ఆపేశారు. ఆ తక్కువ కుదింపు వల్ల ఇంధనం ఎక్కువ తాగేది; మండని కిరోసిన్ పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజనాయిలును పలచబరిచేది. కిరోసిన్ చవగ్గా దొరికినంత కాలం రైతు ఈ లోపాలన్నీ భరించాడు.

విచిత్రమేమంటే, నాకింగ్ రహస్యాన్ని ఛేదించే పనికి పురికొల్పింది కూడా పల్లె ఇళ్ల కోసం తయారైన ఒక కిరోసిన్ ఇంజనే. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కంపెనీ రైతుల ఇళ్లకు కరెంటు దీపాల కోసం అమ్మిన డెల్కో-లైట్ యంత్రం కిరోసిన్ పోస్తే కణకణలాడేది. కారణం కనుక్కోమని 1916లో థామస్ మిడ్‌గ్లీ అనే యువ ఇంజనీరుకు పని అప్పగించారు. ఇంధనానికి ఎరుపు రంగు వేస్తే అది వేడిని త్వరగా పీల్చుకుని ముందే ఆవిరవుతుందేమోనన్న ఊహతో, నూనెలో కరిగే రంగు అప్పటికి దొరక్క, అతను అయొడిన్ కలిపి చూశాడు, చప్పుడు ఆగిపోయింది. తరువాత నిజమైన ఎరుపు రంగులు కలిపితే ఏ ఫలితమూ రాలేదు. అంటే ఊహ తప్పు, ప్రయోగం ఒప్పు: పని చేసింది రంగు కాదు, అయొడిన్ రసాయన గుణం. నాకింగ్ ఇంజను లోపం కాదనీ, ఇంధనపు అణువుల స్వభావమనీ అక్కడే బయటపడింది. ఏళ్లపాటు ఒకదాని తరువాత ఒకటిగా పదార్థాలను పరీక్షించగా, 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని లీటరుకు మిల్లీలీటరు కన్నా తక్కువ కలిపినా చప్పుడు పూర్తిగా అణిగిపోతుందని తేలింది.

మందు దొరికింది గాని జబ్బును కొలిచే సాధనం లేదు. ఆ లోటును 1926లో గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త తీర్చాడు. ఏడు కర్బన పరమాణువులు ఒకే వరుసలో ఉండే నార్మల్ హెప్టేన్ కొద్దిపాటి వేడికే చిట్లి అంటుకుంటుంది. దాన్ని కాలిఫోర్నియాలోని జెఫ్రీ పైన్ చెట్టు జిగురు నుంచి శుద్ధంగా తీయవచ్చు. ఎనిమిది కర్బన పరమాణువులు కొమ్మలు కొమ్మలుగా అమరిన ఐసో ఆక్టేన్ చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. మొదటిదాని ఓర్పును 0గా, రెండోదాని ఓర్పును 100గా పెట్టుకుని, ఈ రెంటినీ వేర్వేరు పాళ్లలో కలిపితే ఏ పెట్రోలుకైనా జోడీ దొరుకుతుందని ఎడ్గర్ చూపించాడు. నడుస్తుండగానే కుదింపును మార్చగలిగే ఒంటి సిలిండరు పరీక్షా ఇంజను ఆ దశాబ్దం చివరికి అమెరికాలోని వాకెషా కంపెనీలో తయారై, నేటికీ ప్రపంచమంతా అదే ప్రమాణంగా నిలిచింది. పెట్రోలు ఆక్టేన్ 91 అంటే, ఆ ఇంజనులో అది 91 పాళ్ల ఐసో ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ కలిపిన మిశ్రమం ఎంత కుదింపుకు చప్పుడు చేస్తుందో అంత కుదింపుకే చప్పుడు చేస్తుందని అర్థం. ఆ పెట్రోలులో నిజంగా ఆక్టేన్ ఎంతుందన్నదానితో ఈ అంకెకు సంబంధం లేదు. ఇంజనును 600 చుట్ల వేగంతో పరీక్షిస్తే వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్, 900 చుట్ల వేగంతో, మిశ్రమాన్ని బాగా వేడిచేసి పరీక్షిస్తే వచ్చేది మోటార్ ఆక్టేన్. మన దేశంలో బంకుల దగ్గర చెప్పేది మొదటిది, అమెరికాలో రాసేది రెంటి సగటు. అందుచేత అక్కడ స్థిరపడిన మన గుంటూరు వారి కార్లలో పోసే 87 రకం పెట్రోలు, ఇక్కడి లెక్కలో 91కి దాదాపు సమానమే తప్ప నాసిరకం కాదు.

సీసం తెచ్చిన ఓర్పుకు మనుషులు చెల్లించిన మూల్యం మాత్రం క్షమించరానిది. 1924లోనే ఆ పదార్థాన్ని తయారు చేసే చోట కార్మికులు మతి చలించి మరణించారు. అయినా మరో అర్ధ శతాబ్దానికి పైగా అది ప్రపంచమంతటా పొగగొట్టాల్లోంచి వెలువడి పిల్లల మెదళ్లను దెబ్బతీసింది. భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరికి దేశమంతటా అమలైంది. సీసం పోయాక, పెట్రోలు అణువులనే ఓర్పు గలవిగా మార్చే భారం రిఫైనరీల మీద పడింది. 1957లో కాల్టెక్స్ కంపెనీ ప్రారంభించి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన విశాఖ రిఫైనరీ నుంచి గొట్టపు మార్గంలో విజయవాడ చేరే పెట్రోలు, డీజిళ్లు ట్యాంకర్లకెక్కి ఈ మైదానపు బంకులకు వస్తాయి. వరుసగా ఉండే అణువులను కొమ్మలుగా, వలయాలుగా మలిచే ప్రక్రియలే నేడు సీసం చేసిన పనిని సీసపు విషం లేకుండా చేస్తున్నాయి.

డీజిలు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్కంతా తలకిందులవుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపిన ఇంజనులో ప్లగ్గు లేదు. ముందు వట్టి గాలినే విపరీతంగా అదిమి, అది నిప్పులా కాగిన క్షణంలో ఇంధనాన్ని చిమ్ముతారు, అది తనంతట తానే అంటుకోవాలి. కనుక ఇక్కడ కావలసింది ఓర్పు కాదు, చురుకు. ఈ చురుకును కొలిచే అంకె పేరు సీటేన్. నేటి భారత్ స్టేజ్-6 డీజిలుకు అది కనీసం 51 ఉండాలి. పెట్రోలు ఇంజనులో డీజిలు పడితే ఆవిరి కాక ప్లగ్గును మసిబారుస్తుంది. డీజిలు ఇంజనులో పెట్రోలు పడితే అంటుకోవడం ఆలస్యమై, ఒక్కసారిగా మండి మోదడమే కాక, డీజిలు జిడ్డు మీదే ఆధారపడిన ఇంజెక్షన్ పంపు అరిగిపోతుంది. కుదింపు పదహారు రెట్లకు మించి ఉండడం వల్ల, పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలు కన్నా పదో వంతుకు పైగా శక్తి ఎక్కువుండడం వల్ల, గంటల తరబడి నీళ్లు తోడే పనికి డీజిలే లాభసాటి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచిందన్న సంగతి వేరుశనగ తెలిసిన ఈ నేలవారికి ఆసక్తి కలిగించక మానదు.

ఇక పవర్ స్ప్రేయరు. 1980ల నడుమ తెల్లదోమా, ఆ వెంటనే శనగపచ్చ పురుగూ గుంటూరు, ప్రకాశం పత్తిని తుడిచిపెట్టి రైతులను అప్పుల్లో ముంచి, కొందరి ప్రాణాలు తీసిన నాటినుంచి, 2021లో మిరప పూతను నల్ల తామర పురుగు మాడ్చిన నాటివరకూ, మందు కొట్టే యంత్రం ఈ ప్రాంతపు వ్యవసాయంలో విడదీయరాని భాగమైంది. వాడుకలో తైవాన్ పంపు అనే ఈ యంత్రాల్లో చాలావాటిది పిడికెడంత రెండు స్ట్రోకుల ఇంజను. దీనిలో ఇంధన మిశ్రమం క్రాంకు గదిలోంచే సిలిండరుకు వెళుతుంది గనుక విడిగా ఇంజనాయిలు నిలవడానికి చోటు లేదు. పెట్రోలులో కలిపిన 2టి ఆయిలే బేరింగులకూ పిస్టన్‌కూ జిడ్డు. తయారీదారు 25కు ఒకటి అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50కి ఒకటి అంటే 20 మిల్లీలీటర్లు. దీన్ని మూతతో ఉజ్జాయింపుగా పోయడం సరికాదు, కొలగిన్నెతోనే పోయాలి. ఆయిలు తగ్గితే ఇంజను పట్టేస్తుంది, పెరిగితే ప్లగ్గు మసిబారి వీపున మోసే మనిషి ముఖానికి పొగ కమ్ముతుంది. నాలుగు స్ట్రోకుల నమూనాలకు ఈ కలపడం అవసరం లేదు.

ఈ చిన్న ఇంజను కుదింపు తక్కువ, మంట పాకవలసిన దూరం కొద్ది సెంటీమీటర్లే, వేగం నిమిషానికి వేల చుట్లు. నాకింగ్‌కు అవసరమైన వ్యవధే దానికి దొరకదు. అందుచేత మామూలు పెట్రోలు ఓర్పు దానికి చాలినంతకన్నా ఎక్కువే. 2020 చివరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలు, ఎక్కువ కుదింపుతో పని చేసే ఖరీదైన కార్లకూ, బైకులకూ ఉద్దేశించినది. అంకె పెద్దదైనంత మాత్రాన బలం పెరగదని ఇథనాల్ ఇంకా స్పష్టంగా రుజువు చేస్తుంది. ఇథనాల్ ఓర్పు 100కు పైమాటే, కాబట్టి 20 శాతం కలిసిన పెట్రోలు ఆక్టేన్ 95 ప్రాంతానికి చేరింది. కాని లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి, ఆ మిశ్రమపు శక్తి లీటరుకు సుమారు 7 శాతం తగ్గింది. అంకె పెరిగింది, బలం తగ్గింది.

ఇథనాల్ వల్ల స్ప్రేయరుకు వచ్చే అసలు ముప్పు ఆక్టేన్‌లో లేదు, తేమలో ఉంది. వానాకాలపు గాలిలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది. తేమ హద్దు మీరితే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, 2టి ఆయిలు పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంధనం లాగే గొట్టం మూతి అడుగునే ఉంటుంది కనుక, ఇంజనుకు మొదట అందేది జిడ్డు లేని ఆ అడుగు నీళ్లే. నీళ్ల సీసాల్లో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచే అలవాటు అందుకే మానాలి. స్ప్రేయరుకు ప్రీమియం పెట్రోలు కొనడం దండుగ. ఆ తేడా డబ్బు మంచి 2టి ఆయిలుకూ, కొత్త ఫిల్టరుకూ పెట్టడం మేలు. ఆ పూటకు కావలసినంతే కలుపుకుని, చివరి కోత అయ్యాక ట్యాంకు వంపి, కార్బొరేటరులో మిగిలింది మండి ఇంజను తనంతట తానే ఆగేదాకా నడిపి భద్రపరిస్తే, వచ్చే ఖరీఫ్‌లో అది మొదటి లాగుకే అందుకుంటుంది.