కపట ప్రోగ్రాములు - కల్పిత యంత్రములు

గ్రామమునకు క్రొత్తవాడొకడు వచ్చినప్పుడు అతడు దొంగయా, దొరయా యని తెలిసికొనుటకు తలారికి రెండు మార్గములు కలవు. పాత దొంగల ముఖములను గుర్తుంచుకొని, వచ్చినవాని ముఖముతో పోల్చి చూచుట మొదటిది. ముఖమెట్లున్నను సరే, వానిని ఒక యింట దింపి, రాత్రివేళ వాడేమి చేయునో చాటుననుండి కనిపెట్టుట రెండవది. మొదటి మార్గము సులభము. కాని యెన్నడును పట్టుబడని దొంగ దానికి చిక్కడు. రెండవది శ్రమతో కూడినది. పైగా ఆ యింట విలువగల వస్తువులుండినచో అవి పోవు ప్రమాదమును కలదు. కంప్యూటర్లకు హానిచేయు ప్రోగ్రాములను పట్టుకొను విద్యయందును ఈ రెండు మార్గములే యున్నవి. రెండవ మార్గమునకు పోయినను నష్టములేని యిల్లొకటి కావలెను. అట్టి యింటిని శాస్త్రజ్ఞులు కట్టిరి. దొంగలు దానిని పసిగట్టనేర్చిరి. ఒకసారి ఆ పసిగట్టు నేర్పే ఒక దొంగకు ముప్పు తెచ్చినట్లు కనబడినది.

కంప్యూటరు ఆజ్ఞలను అమలుజరుపు యంత్రము. ఆ ఆజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. జాబు, ఛాయాచిత్రము, పాట, ప్రోగ్రాము - ఇవి యన్నియు యంత్రము లోపల సున్నల, ఒకట్ల వరుసలే. నెట్‌వర్క్‌పై ప్రయాణము చేయునప్పుడు అవి ప్యాకెట్లు అను చిన్నచిన్న మూటలుగా విడిపోయి, గమ్యము చేరిన పిదప మరల ఒకటిగా కూడును. వచ్చినదానిలో చదివి ఊరకుండవలసిన సమాచారమేదో, ఆచరింపవలసిన ఆజ్ఞయేదో మూటను పైనుండి చూచి చెప్పుట సులభము కాదు. దుర్మార్గులకు దొరికిన సందు ఇదియే.

ఈ సందు ఎంత పెద్దదో 1988 నవంబరు 2వ తేది రాత్రి అమెరికాలో తెలియవచ్చెను. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వ్రాసిన ఒక ప్రోగ్రాము కంప్యూటరునుండి కంప్యూటరునకు తనంతట తానే ప్రాకిపోయెను. ఇట్టివానిని 'పురుగులు' అని పిలుచుట అలవాటు. అది పన్నిన ఉపాయములలో ఒకటి మిక్కిలి విచిత్రమైనది. ఒక వ్యక్తి పేరు పంపి అడిగినచో ఆ వ్యక్తిని గూర్చి బదులుచెప్పు ప్రోగ్రామొకటి నాటి యంత్రములలో ఉండెడిది. వచ్చు ప్రశ్నకై అది 512 అక్షరముల చోటు కేటాయించెను. ప్రశ్న అంతకంటె పొడవుగా నుండునేమోయని కొలిచి చూడలేదు. పురుగు 536 అక్షరములు పంపెను. అధికమైన అక్షరములు ప్రక్కచోటులోనికి పొర్లినవి. ఉన్న పని ముగిసిన తరువాత ఎచ్చటికి పోవలెనో తెలుపు గుర్తు ఆ ప్రక్కచోటునందే యుండెను. అది చెరిగి, పురుగు వ్రాసిన గుర్తు నిలిచెను. యంత్రము దానిని నమ్మి, తనకు వచ్చిన ప్రశ్నలోనికే పోయి, అందున్న అక్షరములను ఆజ్ఞలుగా అమలుపరచెను. ప్రశ్నగా వచ్చినది ప్రభువై కూర్చుండెను! నాడు ఇంటర్నెట్‌లో సుమారు 60,000 కంప్యూటర్లుండగా, అందు 6,000 వరకు దీనివలన కుంటువడినవని అంచనా.

ఇట్టి ప్రోగ్రాములను పట్టుటకు మొదట వచ్చిన సాధనములు ముఖము చూచి గుర్తుపట్టు పద్ధతి ననుసరించినవే. దుష్టప్రోగ్రామొకటి దొరికినచో అందలి విశేషమైన అక్షరముల వరుసను ఒక పట్టికలో వ్రాసికొందురు. నెట్‌వర్క్ ద్వారమున కూర్చున్న కాపలా ప్రోగ్రాము, వచ్చిపోవు మూటలలో ఆ వరుస కనబడునేమోయని చూచుచుండును. ఇది వేగమైనది, నేటికిని వాడుకలో నున్నది. కాని దొంగ వేషము మార్చినచో ఇది చేయునదేమియు లేదు. ప్రాకిన ప్రతిసారియు తన అక్షరములను తానే తారుమారు చేసికొని, పని మాత్రము మార్చుకొనని ప్రోగ్రాములు త్వరలోనే పుట్టినవి. ముఖములు వేయి, చేత మాత్రమొకటే. కావున చేతను చూడవలసివచ్చెను. చేతను చూడవలెనన్నచో ఆ ప్రోగ్రామును ఎచ్చటనో ఒకచోట నడువనీయవలెను.

ఆ చోటే కల్పితయంత్రము. దీనిని వర్చువల్ మెషీన్ అందురు. ఇది దొంగలను పట్టుటకై పుట్టినది కాదు. 1960 ప్రాంతములలో కంప్యూటరు ఒక గదినిండ నుండెడిది. దాని వెల సామాన్యులకు అందనిది. ఒకే యంత్రమును పలువురు పంచుకొనుటకై, ప్రతివానికిని తనకొక యంత్రము ప్రత్యేకముగ నున్నట్లు తోచునట్లు చేయు విద్యను ఐబీఎం సంస్థ వారు మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమున సాధించిరి. 1972లో వీఎం/370 అను పేర దానిని వెలువరించిరి. బల్లమీది చిన్న కంప్యూటర్లకు ఈ విద్య విరివిగా వచ్చినది 1999లో వీఎంవేర్ అను ప్రోగ్రాము వెలువడిన పిమ్మటనే.

మయసభయందు దుర్యోధనునికి నీరు నేలగను, నేల నీరుగను తోచినట్లు, కల్పితయంత్రమున నడచు ప్రోగ్రామునకు లేనివన్నియు ఉన్నట్లే తోచును. అది డిస్కు అనుకొనునది నిజయంత్రములోని యొక ఫైలు; నెట్‌వర్క్ కార్డు అనుకొనునది మరియొక ప్రోగ్రాము చేయు నటన. ఆ ప్రోగ్రాము డిస్కునంతయు తుడిచివేసినను నిజముగ పాడగునది ఆ ఫైలొక్కటే. ముందుగనే దాని ప్రతి నొకదానిని దాచియుంచినచో, కొద్ది క్షణములలో యంత్రము మొదటి స్థితికి వచ్చును. ఏటియిసుకలో పిల్లలు కట్టు పిచ్చుకగూడు కూలినచో మరల కట్టుకొనుటకు ఎంత శ్రమ?

ఈ యింటిని నెట్‌వర్క్ ద్వారముకడ నిలిపినచో కాపలా పని మారిపోవును. బయటనుండి వచ్చిన ఫైలుకు ఒక ప్రతి తీసి, దానిని కల్పితయంత్రమున తెరచి చూతురు. ధరలపట్టికగా వచ్చిన పత్రమును తెరచినచో అక్షరములు, అంకెలు కనబడవలెను. అట్లుకాక అది మరియొక ప్రోగ్రామును నిద్రలేపినను, కంప్యూటరు వెలిగిన ప్రతిసారియు తాను నడచునట్లు ఏర్పాటు చేసికొన్నను, ఎరుగని దూరదేశపు చిరునామాకు కబురు పంపినను, దాని ముఖము ఏ పట్టికలో లేకున్నను దానిని దొంగయని అనుమానింపవచ్చును.

ఇంకను సూక్ష్మమైన యుక్తి నొకదానిని 2006లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి వ్రయే విశ్వవిద్యాలయమువారు చూపిరి. వారి సాధనము పేరు ఆర్గోస్. నెట్‌వర్క్‌నుండి వచ్చిన ప్రతి అక్షరమునకును అది పసుపు పూసినట్లు ఒక గుర్తు పెట్టును. ఆ అక్షరమును ఎచ్చటికి నకలు చేసినను, మరియొకదానితో కలిపినను, ఆ గుర్తు వెంటనంటి పోవును. పసుపు తగిలిన చేయి దేనిని ముట్టినను దానికి పసుపు అంటును గదా! కల్పితయంత్రములో జరుగు ప్రతి పనియు సాధనము కనుసన్నలలోనే జరుగును గనుక ఈ లెక్క తప్పిపోదు. బయటనుండి వచ్చినది సమాచారముగ ఉన్నంతవరకు ఎచ్చట పసుపు కనబడినను బాధ లేదు. కాని 'తరువాత ఎచ్చటికి పోవలెను' అను గుర్తుపై పసుపు కనబడినదా, యంత్రమును ఎవరో వశపరచుకొనుచున్నారన్నమాట. మోరిస్ పురుగు చేసిన పని సరిగా ఇదియే. ఇంతకుముందెన్నడును ఎవరును చూడని పురుగైనను ఇచ్చట పట్టుబడును. పట్టుబడిన వెంటనే దాని గుర్తులను వ్రాసి, ముఖము చూచు కాపలావానికి పంపవచ్చును. యంత్రము అనేక రెట్లు మందగించుట మాత్రము దీని లోపము. దినమంతయు పని తీయవలసిన కంప్యూటరునకు ఇది తగదు. ఎరగా పెట్టిన కంప్యూటరునకు తగును.

ఎరల మాట వచ్చినది గనుక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డీగో శాఖవారు 2005లో చేసిన పని చెప్పవలెను. ఎవరును నివసింపని యింటి తలుపు తట్టువానికి అచ్చట న్యాయమైన పని యుండదు. అట్లే ఎవరును వాడని నెట్‌వర్క్ చిరునామాకు వచ్చు పలకరింపులలో పెక్కు పురుగులు పంపునవే. వారు అట్టి చిరునామాలు 64,000కు పైగా తీసికొని, వాని వెనుక నిజముగ కొద్దిపాటి యంత్రములనే పెట్టిరి. ఒక చిరునామాకు పలకరింపు రాగానే, అప్పటికప్పుడు ఒక కల్పితయంత్రము పుట్టి బదులు పలుకును. పని తీరగానే మాయమగును.

కాని ఇచ్చట ఒక ధర్మసందేహము కలదు. ఎరలో పడిన పురుగు ఊరకుండదు, ఇతరులపైకి ప్రాకజూచును. దానిని బయటికి పోనిచ్చినచో పరిశోధకుడే దొంగకు తోడైనట్లగును. తలుపులన్నియు బిగించినచో పురుగు తన గుణమును చూపదు. కావున నడిమి మార్గమొకటి కనిపెట్టిరి. పురుగు ఏ చిరునామాను పిలిచినను, ఆ పిలుపును లోపలనే మరలించి, 'ఇదిగో, నేనున్నాను' అని మరియొక కల్పితయంత్రముచే బదులు చెప్పింతురు. ఈ యబద్ధపు బదులే తరువాతి కథకు మూలము.

వారణావతమున లక్కయింట అడుగిడిన ధర్మరాజు వాసననుబట్టియే ఆ యింటి గుట్టు తెలిసికొనెను. దుష్టప్రోగ్రాములు వ్రాయువారును ఈ విద్య నేర్చిరి. నిజయంత్రమున ఒకచోట నుండవలసిన పట్టిక కల్పితయంత్రమున వేరొకచోట నుండుననియు, ఒక్క ఆజ్ఞతో ఆ భేదమును కనిపెట్టవచ్చుననియు యొవాన్నా రుత్‌కోవ్‌స్కా అను పోలండు దేశపు పరిశోధకురాలు 2004లో చూపెను. ఇంకను సులభమైన ఉపాయములు పెక్కు కలవు. నెట్‌వర్క్ కార్డు సంఖ్యను చూచి అది ఏ సంస్థ కల్పించినదో తెలిసికొనవచ్చును. మౌసు కదలినదా, మనిషి యెవడైన మీట నొక్కినాడా యని కాచుకొనవచ్చును. అన్నిటికంటె సోమరి ఉపాయము నిద్ర. పరీక్షకుడు ఒక్కొక్క ఫైలునకు కొద్ది నిమిషములకంటె ఎక్కువ కేటాయింపలేడు. దొంగ అంతసేపును పడుకొని, పరీక్ష ముగిసిన పిదప లేచును. దీనికి విరుగుడుగా పరీక్షకులు కల్పితయంత్రమందలి గడియారమును ముందునకు త్రోయుదురు, మౌసును తామే కదలింతురు. ఒకరి ఎత్తుకు మరియొకరి పైయెత్తు సాగుచునే యున్నది.

2017 మే 12వ తేది శుక్రవారము 'వన్నాక్రై' అను పురుగు బయలుదేరెను. అది విండోస్ కంప్యూటర్లలోని యొక కన్నముగుండ దూరి, ఫైళ్ళనన్నిటిని చదువరాని రహస్యలిపిలోనికి మార్చి, 300 డాలర్లు చెల్లించినగాని తిరిగి ఇయ్యనని తెరపై వ్రాసెను. ఆ కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14ననే పంపియుండెను. పెక్కుచోట్ల దానిని ఎవరును వేసికొనలేదు. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసంస్థలలో మూడవవంతు వరకు దెబ్బతిన్నవి. వైద్యులకు రోగుల వివరములు తెరపై కనబడవయ్యెను. అత్యవసర చికిత్సకు వచ్చువారిని కొన్ని ఆస్పత్రులు వేరుచోట్లకు పంపవలసివచ్చెను. శస్త్రచికిత్సలతో సహా, ముందుగా నిర్ణయమైన చికిత్సావేళలు 19,000కు పైగా రద్దయినవని తరువాత ప్రభుత్వ తనిఖీ అంచనా వేసెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ ఆ దాడికి గురియైనవి.

ఆ మధ్యాహ్నము మార్కస్ హచిన్స్ అను 22 ఏండ్ల యాంగ్ల యువకుడు భోజనమునకు బయటికి పోయి వచ్చి, ఈ పురుగు ప్రతి నొకదానిని సంపాదించి, ఇట్టి పరీక్షలకై వేరుచేసి యుంచుకొన్న యంత్రమున నడిపెను. నడిపినంతనే అతని కంట ఒక వింత పడెను. ఆ పురుగు అర్థములేని అక్షరములతో కూడిన పొడవైన వెబ్ చిరునామా నొకదానిని పిలుచుచున్నది. అట్టి చిరునామా లోకమున లేదు. ఎవరును దానిని కొనలేదు. హచిన్స్ 11 డాలర్లకు లోపే చెల్లించి దానిని తన పేర వ్రాయించుకొనెను. ఎన్ని యంత్రములు రోగగ్రస్తములైనవో లెక్కించుటకు అట్లు చేయుట అతనికి వాడుకయే. అంతలో పురుగు వ్యాప్తి నిలిచిపోయెను!

కారణమేమి? ఆ చిరునామానుండి బదులు రానిచో పురుగు తన పని సాగించును. వచ్చినచో చల్లగా తప్పుకొనును. దీనిని రూఢిచేసికొనుటకై హచిన్స్ తన పరీక్షాయంత్రమున ఆ బదులు రాకుండునట్లు చేసి పురుగును మరల నడిపెను. యంత్రములోని ఫైళ్ళన్నియు రహస్యలిపిలోనికి మారిపోయినవి. తన యంత్రము దోపిడియైనందులకు ఎగిరి గంతులు వేసినవాడు లోకములో అతడొక్కడేయేమో! లేని చిరునామాకును 'ఉన్నాను' అని బదులు చెప్పునవి పరీక్షాయంత్రములే గనుక, వానిని పసిగట్టుటకే పురుగు ఆ ప్రశ్న వేసియుండునని అతడు ఊహించెను. ఆ ఊహ ప్రకారము, నిజలోకమునుండియే బదులు వచ్చుటతో పురుగు లోకమంతయు లక్కయిల్లేయని భ్రమించినదన్నమాట. పురుగును ఆపుటకు దానిని వ్రాసినవారే పెట్టుకొన్న తాళము అది యని మరికొందరనిరి. ఎట్లయినను దెబ్బతిన్న కంప్యూటర్లు 150 దేశములలో 2,00,000 దాటినవి. ఈ హచిన్స్ చిన్ననాట తానును బ్యాంకు ఖాతాలను దోచు ప్రోగ్రామును వ్రాసినవాడే. ఆ నేరము ఒప్పుకొనగా 2019లో అమెరికా న్యాయస్థానము అతని తరువాతి పనులను గూడ లెక్కలోనికి తీసికొని, మరల చెరసాలకు పంపకుండ విడిచిపెట్టెను.

పురుగు నిలిచెనే గాని చావలేదు. 2018 ఆగస్టులో, తైవాను దేశమందు కంప్యూటర్లకు చిప్పులు చేయు గొప్ప కర్మాగారములలో, క్రొత్తగా వచ్చిన యంత్రము నొకదానిని ముందు పరీక్షింపకయే నెట్‌వర్క్‌నకు కలిపిరి. దానివెంట వన్నాక్రై జాతి పురుగొకటి లోపలికి వచ్చి, కర్మాగారములలో పెక్కు యంత్రములను కొద్ది దినములపాటు నిలిపివేసెను.