వృద్ధుల సేవకు శిక్షణ పొందిన నర్సు

ఇంటికి వచ్చి వృద్ధులకు సేవ చేసేవారందరూ నర్సులు కారు. ఏ.ఎన్.ఎం. శిక్షణ 2 సంవత్సరాలు, జి.ఎన్.ఎం. శిక్షణ 3 సంవత్సరాలు. ఉత్తీర్ణులైనవారు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. స్నానం, భోజనం వంటి పనులకు ఆయాలు తోడ్పడగలరు. ఇంజెక్షన్లు, సెలైన్ మాత్రం వారిచేత పెట్టించరాదు.

వృద్ధాప్యంలో వ్యాధి వేరు రూపంలో కనబడుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు. నిన్నటివరకు చక్కగా మాట్లాడినవారు నేడు హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడటమే తొలి సూచన కావచ్చు. దానిని వయసు ప్రభావమని కొట్టివేయక వెంటనే వైద్యునికి తెలియజేయడం శిక్షణ వల్ల అబ్బే నేర్పు. కదలలేనివారిని సుమారు 2 గంటలకొకసారి పక్కకు తిప్పడం, నడుము, మడమల వద్ద చర్మం కమిలిందేమో చూడటం, నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు తినిపించడం కూడా అందులోనివే.

మన పెద్దలలో పలువురికి తెలుగు తప్ప మరొక భాష రాదు. నొప్పి, పోటు, మంట, తిమ్మిరి, ఆయాసం ఒకటి కావు. ఈ తేడా నర్సుకు తెలియకపోతే చికిత్స దారి తప్పవచ్చు. కనుక ఈ మాటలకు స్థానిక భాషలో అర్థాలు వ్రాసి మంచం దగ్గర ఉంచండి. నియమించుకొనే ముందు నమోదు పత్రాన్ని పరిశీలించండి. వృద్ధులకు సహాయం అవసరమైనా, నిరాదరణ ఎదురైనా 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.