పళ్లకు క్లిప్పులు వేసిన పిల్లల తిండి

మన సభ్యులు కొందరు పిల్లల వంకరపళ్లకు క్లిప్పులు వేయించుచున్నారు. వారికి మేము ముఖ్యముగా చెప్పునది తిండి సంగతి. క్లిప్పును పంటికి జిగురుతో అంటించెదరు. గట్టి మురుకు కొరికిన ఊడిపోవును. మరల వైద్యుని కడకు పోవలెను, ఆ పూట మగ్గము ఆగును, చికిత్సయు సాగును.

మొదటి 4, 5 దినములు పళ్లు సలుపును. అప్పుడు సాంబారులో నానిన ఇడ్లీ, పెరుగన్నము, రాగిజావ, అరటిపండు మేలు. పిమ్మట ఉడికించిన శనగలు, కోడిగ్రుడ్డు పెట్టవచ్చును. జామకాయను సన్నముగా తరిగి ఇవ్వవలెను. చెరకు, వేరుశనగ చిక్కీ, బంకగా సాగు మిఠాయిలు కూడవు. తీపి తీగల సందున నిలిచిన పళ్లపై తెల్లమచ్చలు పడును. తినగానే పుక్కిలించి, పళ్లు తోముకొనవలెను.

నూలుపోగును పంటితో తెంపుట మనకు అలవాటు. పెద్దలను చూచి పిల్లలును తెంపుదురు. వారి చేతికి కత్తెర ఇవ్వుడు.